జాతీయత అన్న గడిలో నా చేతిరాత

నేను రిటైరైన రోజున కాలేజీ హాల్లో నాకు శాలువా కప్పి, వేలమంది పిల్లలకి చదువు దారి చూపించిన తల్లి అని ఒకాయన హిందీలో మాట్లాడాడు. ఆయన మా కాలేజీకి వచ్చి నాలుగు నెలలైంది. నా కౌంటరు ఎటువైపు ఉండేదో కూడా ఆయనకి తెలీదు. నేను తలూపి, సమోసా తిని, శాలువా మడతపెట్టుకుని ఇంటికొచ్చాను.

నా పని ఏమిటో నాకు తెలుసు. పిల్లల్ని వెనక్కి పంపడం నా పని. కొందర్ని చేర్చుకున్నాను కూడా. కానీ చేరినవాళ్లు వాళ్ల మార్కులతో చేరారు, వెనక్కి పోయినవాళ్లు నా మాటతో పోయారు.

ఈమధ్య మన తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు కాలేజీ ఆఫీసుల్లో గుమాస్తాలుగా చేరారు. దారిలో కనపడితే "పని ఎలాగుంటాది పిన్నీ?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతీ, సర్వీసు పుస్తకం సంగతీ రాయను. వాటి గురించి చెప్పడానికి ప్రతి ఆఫీసులోనూ ఒకడు తయారుగా ఉంటాడు.

దూబే బాబు పాఠం

మా నాన్న బొబ్బిలి పక్క పల్లె నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో కోక్ ఒవెన్స్‌లో చేశాడు. నేను పుట్టింది సెక్టర్ 6 క్వార్టర్లో. బీకాం పాసై సర్కారు కాలేజీలో గుమాస్తాగా చేరాను. వెయ్యడమే అడ్మిషన్ సెక్షన్లో వేశారు. అప్పుడు అక్కడ హెడ్ క్లర్కు దూబే బాబు. జర్దా నములుతూ, ఎప్పుడూ గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

మొదటి వారంలోనే నాకు పని నేర్పాడు. "బేటీ, కౌంటర్లో ఎప్పుడూ కాదు అనకు. కాదంటే వాడు ప్రిన్సిపాల్ గదికి పోతాడు. ఒక కాగితం తక్కువుంది అను. అప్పుడు తహసీలు ఆఫీసుకి పోతాడు. అక్కడ పదిహేను రోజులు పడతాయి. ఈలోగా ఆఖరి తేదీ అయిపోతుంది. నువ్వు ఎవరికీ కాదు అనలేదు."

నేను దాన్ని గొప్ప తెలివి అనుకున్నాను. నా తర్వాత వచ్చినవాళ్లకి అదే నేర్పాను కూడా.

కౌంటరు పక్క గోడమీద తేవలసిన కాగితాల లిస్టు ఉండేది. దూబే బాబు కాలంలో అందులో ఏడు పేర్లుండేవి. ఆయన పోయాక పదకొండు అయ్యాయి. ఎవడో ఒక ఏడాది దొంగ టీసీ తెచ్చాడని ఒకటి కలిపారు. ఇంకో ప్రిన్సిపాల్ తన పాత కాలేజీలో అడిగేవారని మరోటి కలిపాడు. ఆధార్ వచ్చాక ఆధార్ కలిపాం. ఒక్కసారి కలిపిన దాన్ని తీసేసినవాడు లేడు. ఎందుకు కలిపారో గుర్తున్నవాడూ లేడు.

వాటిలో అన్నిటికంటే బరువైనది మూల్ నివాసీ. ఈ రాష్ట్రం మనిషివే అని తహసీలు ఇచ్చే సర్టిఫికెట్టు అది. మన వాళ్లకే అది సులువుగా దొరకదు. మా తమ్ముడి కూతురికి దాని కోసం మూడు నెలలు తిరిగాం. తాతది తెమ్మన్నారు, తాత ఏ ఏడాది వచ్చాడో చూపించమన్నారు. ఆ మూడు నెలలూ ఇంట్లో కూచుని తహసీలువాళ్లని తిట్టాను. తెల్లారి ఆఫీసుకెళ్లి అదే కాగితం అవతలివాళ్ల పిల్లల్ని అడిగాను. ఈ రెండూ ఒకే మనిషి చేస్తున్న పనులని నాకు ఒక్కరోజూ తట్టలేదు.

ఏ రూలు మేడమ్

ఆరోజు అడ్మిషన్లకి ఆఖరి తేదీ. వాన. లైను వరండా దాటి సైకిల్ స్టాండు దాకా ఉంది. ఒక పిల్ల వచ్చి కాగితాలు పాలిథిన్ కవరులోంచి తీసి కౌంటరు మీద పెట్టింది. పేరు నూకరత్నం. పన్నెండో తరగతి లెక్కల్లో ఆ స్కూలుకి ఫస్టు. బీఎస్సీ లెక్కలు అడుగుతోంది. కాగితాలు తిరగేశాను.

"మూల్ నివాసీ?" అన్నాను హిందీలో.

"లేదు మేడమ్."

"జన్మ ప్రమాణ పత్రం? ఆధార్?"

"అవి కూడా లేవు."

"తెచ్చుకునిరా."

అప్పుడామె నా మెళ్లో వేలాడే కార్డు మీద పేరు చదివి తెలుగులోకి మారింది. "ఆ కాగితం ఏటికి మేడమ్?"

"రూలు."

"ఏ రూలు మేడమ్?"

కౌంటరుకి ఇవతల కూచున్న మనిషికి ఈ ప్రశ్న నచ్చదు. అందులోనూ మన భాషలో, మన యాసలో అడిగితే ఇంకా నచ్చదు. చనువు తీసుకుంటోందనిపించింది. "వెనక లైనుంది, తప్పుకో" అన్నాను.

ఆమె ఒక్కొక్క కాగితమే కవరులో పెట్టుకుంది. తడవకుండా ఓణీ కింద దాచుకుని వానలోకి వెళ్లిపోయింది. నేను ఇంకో ఇరవైమందిని చూసి, కౌంటరు మూసి, తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర తిన్నాను. బాగా కలిసింది అనుకున్నట్టు కూడా గుర్తు. ఆ పిల్ల గురించి తర్వాత ఏడాదిలో ఒక్కసారీ అనుకోలేదు.

జెరాక్స్ షాపు

మళ్లీ జూన్ వచ్చింది. మా ఆఫీసు మెషిను పాడైతే కాలేజీ ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపుకి నేనే వెళ్లాను. మెషిను దగ్గర ఆ పిల్లే. ఎదురుగా నిలబడ్డ పిల్లలకి హిందీలో గడగడా చెబుతోంది. మా కాలేజీకి ఏమేం కావాలి, ఏది ముందు పెట్టాలి, ఏ కాగితానికి ఎన్ని కాపీలు. గోడమీది లిస్టు నాకంటే ఆమెకి బాగా వచ్చు.

పిల్లలు వెళ్లిపోయాక నన్ను చూసింది. నేను గుర్తుపట్టానని తెలుసుకుంది.

"కూచోండి మేడమ్," అంది. బల్ల కింద నుంచి కుట్టిన కాగితాల బొత్తి ఒకటి తీసింది. "పోయిన చలికాలం మీ కాలేజీవోళ్లే యూనివర్సిటీ పుస్తకం కాపీలు తియ్యమని పంపేరు. తీస్తా తీస్తా చదివేను. పాడైన కాపీలు పారెయ్యమంటే నాను దాచుకున్నాను."

అది యూనివర్సిటీ ఆర్డినెన్సు, అంటే కాలేజీలన్నీ పాటించాల్సిన రూళ్ల పుస్తకం. అడ్మిషన్ల పేజీ దగ్గర మూల మడిచి ఉంది.

"మీ గోడమీద పదకొండున్నాయి. ఇందులో నాలుగే ఉన్నాయి. మార్కుల లిస్టు, టీసీ, ప్రవర్తన సర్టిఫికెట్టు, ఫోటోలు. మూల్ నివాసీ ఫీజు మాఫీకీ, రిజర్వేషను సీటుకీ అడగాలని రాసేరు. నాను ఆ రెండూ అడగలేదు మేడమ్."

నిష్ఠూరంగా అనలేదు. షాపుకొచ్చే పిల్లలకి చెప్పినట్టే చెప్పింది.

నేను ఆఫీసుకెళ్లి బీరువా తాళం తీసి అసలు పుస్తకం చూశాను. ఆమె చెప్పింది నిజం. ఆ పుస్తకం నేను సర్వీసులో చేరకముందు నుంచీ మా బీరువాలో ఉంది. కొత్త ప్రతి వచ్చినప్పుడల్లా పాతది తీసి కొత్తది పెట్టేవాళ్లం. ఆ పని చేసింది నేనే. ఇన్నేళ్లలో అందులో ఒక్క పేజీ నేను చదవలేదు. దూబే బాబు చదవలేదు. డాక్టరేట్లు ఉన్న ప్రిన్సిపాళ్లు చదవలేదు. జెరాక్స్ మెషిను మూత ఎత్తి దించే మధ్య ఒక పిల్ల చదివింది.

వాళ్లు ఎవరంటే

ఆదివారం సెక్టర్ 7లో మా క్వార్టరుకి రమ్మన్నాను. తల్లిని తీసుకొచ్చింది. తల్లి పేరు పోలమ్మ. కుర్చీ చూపించినా గుమ్మం దగ్గరే కూచుంది. కాగితాలు ఎందుకు లేవని అడిగితే కూతురి వైపు చూసింది. చెప్పమ్మా అని రత్నం అన్నాక చెప్పింది.

రత్నం తండ్రి తాతారావు. అతని తాత టెక్కలి వైపు నుంచి రంగం వెళ్లాడు. మన పెద్దవాళ్లు బర్మాని రంగం అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో పని. తర్వాత అక్కడి ప్రభుత్వం మారి మనవాళ్లు ఓడలెక్కి తిరిగొచ్చేస్తుంటే వీళ్ల కుటుంబం ఆగిపోయింది. కౌలుకి తీసుకున్న చేను కోతకొచ్చిందని ఆగారట. ఆ తర్వాత వాళ్లు అక్కడివాళ్లూ కారు, ఇక్కడివాళ్లూ కారు. రత్నానికి నాలుగేళ్లప్పుడు తాతారావు పెళ్లాన్నీ పిల్లనీ తీసుకుని కొండదారిన మణిపూర్‌లోకి దాటి, రైళ్లు మారి టెక్కలి చేరాడు.

"మావోళ్లు నీళ్లిచ్చేరమ్మా," అంది పోలమ్మ. "నీళ్లిచ్చి, మీరెవులో మాకు తెల్దన్నారు. భూమిలో వాటా అడుగుతామని భయం. నాలుగు రోజులుండి, మేస్త్రీ ఎవులో భిలాయి తీసుకెల్తానంటే వచ్చీసినాం."

ఇక్కడ బస్తీ స్కూల్లో ఒక హెడ్‌మాస్టరు పిల్లని చూసి, ఓ పుట్టినతేదీ తనే వేసి, చేర్చుకున్నాడు. పుట్టిన ఊరు అడగలేదు. ఆ ఒక్క మనిషి అడగకపోవడం వల్ల ఆమె పన్నెండు వరకూ చదివింది.

"దొంగ కాగితాలు చేయించమని ఎవరూ అనలేదా?" అన్నాను.

"అననోడెవుడు? ఆన్‌లైన్ సెంటరు కుర్రోడు జన్మ పత్రం తీసిస్తానన్నాడు. ఈళ్ల నాన్న ఒప్పుకోడు. మా ఎనకే వచ్చిన మరిది అలాగే దొంగ రేషన్ కార్డు తీసుకుని జైలుకెల్లేడు."

చూశారా. కాగితాలు కొనుక్కున్నవాళ్లందరూ నా కౌంటర్లో దర్జాగా చేరిపోయారు. నేనే స్టాంపులు వేశాను. కొనుక్కోని పిల్లని వానలోకి పంపాను.

నోట్‌షీటు, ఆ తర్వాత గడి

ప్రిన్సిపాల్ సాబ్‌కి చెప్పాను. బర్మా సంగతి చెప్పలేదు. మూల్ నివాసీ, జన్మ పత్రం లేవు, ఆర్డినెన్సు ప్రకారం అక్కర్లేదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎందుకొచ్చిన గొడవ మేడమ్? బయట ఎక్కడో ఒక జన్మ పత్రం చేయించుకోమనండి. అందరూ అదే కదా చేస్తారు," అన్నాడు. నైతిక విలువల మీద ఏటా సెమినారు పెట్టే మనిషి.

పిల్లలూ, ఈ ఒక్క విద్య నేర్చుకోండి. పెద్దవాళ్లతో నోటితో వాదించకండి. నోట్‌షీటు పెట్టండి. నేను రెండు వాక్యాలు రాశాను. ఈ అభ్యర్థి ఆర్డినెన్సులోని నాలుగు షరతులూ తీర్చింది. చేర్చుకోకూడదంటే ఏ రూలు కిందో రాయగలరు. అంతే. ఫైలు పొద్దున లోపలికెళ్లింది. సాయంత్రం బయటికొచ్చింది. కింద ఆయన పొడి సంతకం, మాట ఒక్కటీ లేదు. ఆయన ధైర్యం అంతా ఆ పొడి సంతకంలో ఉంది.

రత్నం ఫారం నింపింది. చక్కటి దస్తూరి. పేరు, తండ్రి పేరు, మార్కులు అన్నీ రాసింది. జాతీయత అన్న గడి దగ్గర పెన్ను ఆపింది. అప్పటికి కౌంటరు మూసే వేళ. నేను హుషారుగా ఉన్నాను. ప్రిన్సిపాల్ మీద గెలిచానన్న పొంగులో ఉన్నాను. ఫారం నావైపు లాక్కుని, నా పెన్నుతో 'భారతీయ' అని రాసి, స్టాంపు వేసేశాను.

రత్నం నావైపు చూసింది. నేను చాలా గొప్ప సాయం చేశాననుకుంటూ ఇంటికెళ్లాను.

ఆకాశరామన్న ఉత్తరం

రెండో ఏడాది పరీక్ష ఫారాలు నింపే రోజుల్లో ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం వచ్చింది. కింద పేరు లేదు. కాలేజీలో విదేశీ పిల్ల అబద్ధపు ఫారంతో చదువుతోంది, హెడ్ క్లర్కు అండ ఉంది అని. అప్పటికి హెడ్ క్లర్కుని నేనే. రాసినవాడికి రత్నంతో పని లేదు, నా కుర్చీతో ఉంది. ఎవరో నాకు తెలుసు. ఇప్పుడు ఆ కుర్చీలో వాడే కూచున్నాడు, కూచోనివ్వండి.

ముందు నేను మన తెలుగువాళ్ల సంఘం కార్యదర్శి కన్నబాబు దగ్గరికెళ్లాను. లేబర్ కాంట్రాక్టరు. తాతారావు పదేళ్లకి పైగా ఆయన కింద పనిచేస్తున్నాడు. ఈ కుటుంబం మన తెలుగువాళ్లే, మాకు తెలిసినవాళ్లే అని సంఘం తరఫున ఒక ఉత్తరం ఇమ్మన్నాను.

"మనకెందుకు నర్సమ్మా," అన్నాడు. "రేపు పోలీసోళ్లొచ్చి ఈడు నీకాడే పంజేత్తున్నాడు గదా అంటే నానేటి చెప్పీది?"

"ఉన్నమాట చెప్పండి. కాగితాలు లేవని తెలిసే పెట్టుకున్నారు కదా."

"తెలిసే పెట్టుకున్నాను. ఎవులూ పెట్టుకోకపోతే నాను పెట్టుకున్నాను. అది తప్పేటి?"

కాగితాలు లేనివాడు నోరెత్తడు, సెలవడగడు, పై ఆఫీసరు దగ్గరికి పోడు. అలాంటివాడికి పని ఇవ్వడం కన్నబాబుకి పుణ్యకార్యంలా కనపడుతోంది. ఆయన తండ్రీ, నా తండ్రీ ఒకే రైల్లో వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ ఒక్క కాగితం లేదు. ప్లాంటుకి కూలీలు కావాలి కాబట్టి ఎవడివిరా అని ఆనాడు వాళ్లనెవరూ అడగలేదు. ఆ సంగతి అన్నాను. ఆయన టీ తెప్పించాడు. నేను తాగకుండా వచ్చేశాను.

విచారణకి ఇద్దరు ప్రొఫెసర్లూ, ఠాణా నుంచి ఒక ఏఎస్సై కూడా కూచున్నారు. నన్నూ, రత్నాన్నీ, తాతారావునీ పిలిచారు. తాతారావు తువ్వాలు చేతిలో పిండుతూ గోడకి ఆనుకున్నాడు. ఏఎస్సై ఫారం తీసి ఆ గడి మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరు రాశారు?"

చుట్టూ ఉన్న రాతంతా ఒక దస్తూరి, ఆ ఒక్క మాట ఇంకో దస్తూరి. సిరా కూడా వేరు. గుడ్డివాడికైనా తెలుస్తుంది. రత్నం తల దించుకుని నిలబడింది. మేడమ్ రాశారు అంటే ఆమె బయటపడుతుంది. అనలేదు. నేను నోరు విప్పడానికి పట్టిన సమయం తక్కువేమీ కాదు.

"నేను రాశాను," అన్నాను.

"అమ్మాయి చెబితే రాశారా?"

"లేదు. అడక్కుండా రాశాను."

అప్పుడు రత్నం తలెత్తి, హిందీలో, తడబడకుండా చెప్పింది. తను బర్మాలో పుట్టింది. నాలుగేళ్లప్పుడు వచ్చింది. ఆ గడిలో ఏం రాయాలో తనకి తెలీదు, అందుకే ఖాళీగా ఉంచింది. తాతారావు కళ్లు మూసుకున్నాడు. ఏఎస్సై రాసుకున్నాడు. ప్రిన్సిపాల్ సాబ్ తనకేమీ తెలియదన్నాడు. నేను నోట్‌షీటు చూపిస్తే, రోజూ వంద ఫైళ్ల మీద సంతకం పెడతాను అన్నాడు. చదవకుండా సంతకం పెడతానని చెప్పుకోవడం ఆయనకి రక్షణలా కనపడింది. విచారణవాళ్లు కూడా దాన్ని ఒప్పుకున్నారు.

బయటికొచ్చాక నాకు రత్నం మీద కోపమొచ్చింది. నా ఉద్యోగం మీదికి వచ్చింది కదా మరి. "ఆరోజే ఇలా రాయొద్దు అని ఉంటే సరిపోయేది కదే," అన్నాను.

"మీరు అడగలేదు పిన్నీ. రాసీసేరు," అంది.

నా సర్వీసులో నాకు తగిలిన మాటల్లో ఇంతకన్నా గట్టిది లేదు. దొంగ జన్మ పత్రం చేయించుకోమన్న ప్రిన్సిపాల్‌ని వెటకారం చేశాను. నేను చేసిందేమిటి? ఆయన కొనుక్కోమన్న అబద్ధాన్ని నేను ఉచితంగా రాసిచ్చాను. ఆ పిల్లకి ఆ అబద్ధం కావాలో వద్దో ఇద్దరమూ అడగలేదు. మొదటిసారి నేను అడగకుండా వెనక్కి పంపాను, రెండోసారి అడగకుండా లోపలికి తీసుకున్నాను. రెండుసార్లూ ఆ పిల్లే భరించింది.

ఒకే ఒక్క ఆఫీసరు

ఆమె పరీక్ష ఫారం ప్రిన్సిపాల్ ఆపేశాడు. పౌరసత్వం తేలేవరకూ పంపనన్నాడు. నేను పరీక్ష ఫారమూ, పాత అడ్మిషన్ ఫారమూ, విచారణ కాగితాల కాపీలూ పట్టుకుని, రత్నాన్ని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి వెళ్లాను. సెలవు పెట్టి వెళ్లాను, అదొక్కటి పద్ధతి ప్రకారం చేశాను.

డిప్యూటీ రిజిస్ట్రారు ఒక మరాఠీ ఆవిడ. చీటీ పంపితే గంట తర్వాత పిలిచింది. కాగితాలన్నీ చదివింది. నిజంగా చదివింది, పేజీలు తిప్పడం కాదు.

"మార్కుల లిస్టు అసలుదేనా?" అంది.

"అసలుదే."

"హాజరు?"

"నిండా ఉంది."

ఆవిడ రత్నం వైపు తిరిగింది. "విచారణలో నువ్వు చెప్పినది నిజమేనా?"

"నిజమే మేడమ్."

"అయితే పరీక్ష రాయి. నువ్వు ఏ దేశం దానివో తేల్చడానికి వేరే శాఖ ఉంది. వాళ్ల పని నేను చెయ్యను, మీ ప్రిన్సిపాల్ కూడా చెయ్యనక్కర్లేదు." అడ్మిషన్ ఫారం జాతీయత గడిలో నా రాత కొట్టేసి, రెండు ఫారాల్లోనూ పక్కన 'విచారణలో ఉంది' అని రాసి, సంతకం పెట్టింది. మూడు నిమిషాల పని. ఆ గడిలో నేను రాయగలిగింది కూడా ఏదో ఒకటి ఉండేదని అప్పుడు తెలిసింది. ఖాళీగా ఉంచి, పక్కన ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు. అది నాకు దూబే బాబు నేర్పలేదు, నేను నేర్చుకోనూ లేదు.

నాకు షోకాజ్ ఇచ్చి రికార్డు రూముకి మార్చారు. చివరి ఏడాదిన్నర అక్కడే చేశాను. పాత అడ్మిషన్ రిజిస్టర్ల మధ్య కూచోవడం నాకు తగిన శిక్షే. వెనక్కి పంపిన పిల్లల పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవని అక్కడ తెలిసింది. వెతికాను, లేవు.

రత్నం బీఎస్సీ పాసైంది. లెక్కల్లో కాలేజీకి ఫస్టు. ఆమె ఫోటో నోటీసు బోర్డులో పెట్టించి, పక్కన నిలబడి ప్రిన్సిపాల్ సాబ్ పేపరువాళ్లకి మాట్లాడాడు.

ఎవరు పంపేరు నిన్ను

డిగ్రీ చేతికొచ్చిన నెలలో రత్నం మా ఇంటికొచ్చి, దుర్గ్‌లో విదేశీయుల సంగతి చూసే పోలీసు ఆఫీసుకి వెళ్లి అంతా రాసిస్తానంది. నేను వద్దన్నాను. తాతారావు అయితే రెండు రోజులు అన్నం ముట్టలేదట.

"ఊరుకో అమ్మా, ఇన్నాళ్లూ గడిచిపోనాది గదా," అన్నాడు నా ముందే.

"ఊరుకుంటే గడవదు నాన్నా. నాకు నలభై ఏళ్లొచ్చినా ఎవడో ఒకడు ఉత్తరం రాస్తాడు. ఆడు రాసేకంటే నానే రాస్తాను."

దరఖాస్తు మా భోజనాల బల్ల మీదే రాసింది. నేను అక్కడక్కడ మెత్తగా చేయమన్నాను. పుట్టిన ఊరు సరిగా గుర్తులేదని రాయి అన్నాను. ఇన్నేళ్ల గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? "గుర్తుంది పిన్నీ," అని ఊరి పేరు రాసింది.

నలుగురం వెళ్లాం. అక్కడి ఇన్‌స్పెక్టరు దరఖాస్తు చదివి, మళ్లీ చదివి, "ఎవరు పంపేరు నిన్ను?" అని హిందీలో అడిగాడు. ఎవరూ పంపలేదంది. ఇక్కడికి తమంతట తాము వచ్చినవాళ్లని తను చూడలేదన్నాడు. తర్వాత ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూచోబెట్టాడు. చివరికి ముగ్గురి వేలిముద్రలూ ఫోటోలూ తీసుకుని, నెలకోసారి వచ్చి సంతకం పెట్టమన్నాడు. జిల్లా దాటితే చెప్పి వెళ్లమన్నాడు.

ఆ వారంలోనే కన్నబాబు తాతారావుని పనిలోంచి తీసేశాడు. సంఘం మీటింగులో, చట్టాన్ని గౌరవించాలి అని మాట్లాడాడట. తాతారావు ఇప్పుడు సుపేలా బజారులో కూరల బండి పెట్టుకున్నాడు. మొదట్లో పోలీసులు కనపడితే బండి వదిలి పక్కకి పోయేవాడు. ఇప్పుడు వాళ్లకే కూరలు అమ్ముతున్నాడు.

రత్నం ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది. ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు రాసింది. విదేశీ విద్యార్థుల కోటాలో రమ్మని, పాస్‌పోర్టు కాపీ జతచేయమని జవాబొచ్చింది. ఏ దేశం పాస్‌పోర్టూ లేని పిల్లకి. నిజం రాస్తే దొరికిన ఫలితం అది. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి మొదటి సెమిస్టరు అయిపోయేది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ మీరు ఏ పనిలో చేరుతున్నారో మీకు తెలియాలి. రత్నం తరఫున ఒక అడ్వకేటమ్మాయి కోర్టులో కేసు వేసింది. మొదటి వాయిదా నోటీసు వచ్చింది. ఏమవుతుందో నాకు తెలీదు. మంచే జరుగుతుందని రాసి మిమ్మల్ని ఊరడించను.

పోయిన ఆదివారం ఆ నోటీసు చూపించడానికి రత్నం ఇంటికొచ్చింది. నేను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఈలోగా ఆమె సంచీలోంచి పాత పుస్తకాల షాపులో కొన్న ఎమ్మెస్సీ పుస్తకం తీసింది. సీటు లేకపోయినా మొదటి పేపరు సగం దాకా వచ్చేసిందట. ఒక లెక్క దగ్గర వారంగా ఆగిపోయాననీ, దారిలో ఆటోలో ఉండగా తట్టిందనీ చెప్పి, బల్ల మీద కాగితం కోసం వెతికింది. ఏదీ కనపడక నా చేతిలోంచి నోటీసు తీసుకుని, వెనక్కి తిప్పి, లెక్క వెయ్యడం మొదలెట్టింది.

"అది కోర్టు కాగితం కదే," అన్నాను.

"ముందువైపు ఏటీ పాడవలేదు కదా పిన్నీ," అని తలెత్తకుండా రాసుకుంటూ పోయింది.